పదికి నాలుగు

ఆ ఎండాకాలం నాటికి నేను మూడు వందల పైచిలుకు వీడియో గేములకు మార్కులు వేసి ఉన్నాను. కార్ల పందేలవి, ఫుట్‌బాల్‌వి, తుపాకులవి, పొలం దున్నేవి, దయ్యాలవి, రంగురాళ్లు జత చేసేవి. వారానికి ఒకటి, ఒక్కోసారి రెండు. ఆడటం, ఆరు వందల మాటలు రాయటం, చివర పదికి ఎన్నో ఒక అంకె పెట్టటం. మొదటి ఏడాది ఆ అంకె కోసం రెండేసి రోజులు ఆలోచించేదాన్ని. తర్వాత తర్వాత రాయక ముందే అంకె తెలిసిపోయేది. దయ్యాల గేమును నడుమ ఆపి, రొట్టె తిని, చేతులు కడుక్కుని వచ్చి మళ్లీ అదే దయ్యం ముందు కూర్చునేదాన్ని. భయం వేసేది కాదు. బాగున్న గేము ఆడితే సంతోషమూ వేసేది కాదు. ఎనిమిది అని రాసి, తర్వాతి గేము తెరిచేదాన్ని.

మాది మహబూబాబాద్ దగ్గరి తండా. నేను పనిచేసే సైటు పేరు ‘ఆటమాట’. దాని ఆఫీసు జనగామలో ఒక హోల్‌సేల్ స్టేషనరీ దుకాణం పై అంతస్తులోని రెండు గదులు. ఆ దుకాణం సాంబయ్య గారిది, సైటు ఆయన కొడుకు వరుణ్‌ది. వరుణ్, నేను వరంగల్‌లో ఒకే కాలేజీలో చదివాం. వీడియోలు చేసే సునీల్‌తో కలిపి మేం ముగ్గురమే. వారానికి రెండు రోజులు రైల్లో జనగామ పోయి వచ్చేదాన్ని. మిగతా రోజులు ఇంట్లోనే పని.

ఇంట్లో మేం మాట్లాడేది మా లంబాడీ భాష. అమ్మను యాడీ అంటాం, నాన్నను బాపు అంటాం, అన్నను భియా అంటాం. ఇక్కడ ఆ మాటలన్నీ తెలుగులోకి మార్చి రాస్తున్నాను.

మా అన్న లక్ష్మణ్ అంతకు రెండేళ్ల ముందు చెల్పూర్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని మానేసి ఇంటికి వచ్చాడు. గేము తయారు చేయడానికి. మా నాన్న ప్రేమ్‌సింగ్ ఒక్కమాట అనలేదు. మిరపతోటలో మందు కొట్టే పంపును మూలకు జరిపి, ఆ గది అన్నకు ఇచ్చాడు. మా వదిన లాలి తన పెళ్లికి పెట్టిన టేబుల్ ఫ్యాన్‌ను అందులో పెట్టింది.

గేము పేరు ‘లదేణి’. మా ముత్తాతల కాలంలో ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని నెలల తరబడి దేశం తిరుగుతూ అమ్మేవాళ్లు. ఆ తిరుగుడును లదేణి అంటారు. గేములో ఒక ఆడపిల్ల నలభై ఎద్దులను తోలుకుంటూ సముద్రం ఒడ్డు నుంచి అడవుల మీదుగా నడిచి వస్తుంది. నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, ఏ ఎద్దు కుంటుతోంది, పొద్దుగూకే లోపు ఎక్కడ దిగాలి. ఇదే ఆట. ఆమె నడుస్తున్నంతసేపూ వెనక ఒక పాట వినిపిస్తుంది. అది లాలి పాడింది, ఫోన్ మీద దుప్పటి కప్పి, గదిలో ఫ్యాను ఆపి.

మొదటి నాలుగు గంటల గేము అంత బాగా ఎవరూ చేయలేరు. ఆ మాట ఇప్పటికీ అంటాను. గోదావరి దాటాక మాత్రం అది వేరే గేమైపోతుంది. ఆ ఎండాకాలానికి ఏడాది ముందు అన్న సగం పూర్తయిన గేమును హైదరాబాద్‌లో ఒక మేళాలో చూపించాడు. పిల్లలు ఐదు నిమిషాలు నడిచి, కంట్రోలర్ పక్కన పెట్టి వెళ్లిపోయారట. కొట్లాట లేకపోతే ఎవరూ కొనరని అక్కడ ఎవరో చెప్పారు. అన్న తిరిగివచ్చి రెండో సగం నిండా కత్తులు, దొంగలు పెట్టాడు. ఆ పిల్ల చేతికి కత్తి వచ్చింది. ఎద్దులు కనిపించకుండా పోయాయి.

అది నాకు మొదటి రోజే తెలుసు. మొదటి రోజే చెప్పి ఉండాలి.

ఏప్రిల్ మొదటి వారం అనుకుంటాను. నేను, యాడీ కల్లంలో కూర్చుని మిరపకాయల్లో తాలు ఏరుతున్నాం. ఆ ఘాటుకు యాడీ కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుంది. అన్న ల్యాప్‌టాప్ పట్టుకుని పందిరి కిందకు వచ్చాడు. లాలి వెనకాలే నీళ్ల చెంబుతో వచ్చింది.

“దీపా, జర చూడు. గోదావరి దాటినంక ఇంక రెండు జాగల కొట్లాట పెంచిన,” అన్నాడు.

చేతులు తుడుచుకుని పావుగంట ఆడాను. కాయల పొడి అంటిన వేళ్లతో కీబోర్డు ముట్టొద్దని లాలి తన కొంగు ఇచ్చింది.

“ఎట్లున్నది?” అన్నాడు.

“బాగుంది.”

“నిజం చెప్పు. మొదటి దానితోటి కలుస్తున్నదా? నాకేమో అతుకు వేసినట్టు కనపడ్తున్నది.”

లాలి నా మొహం చూస్తోంది. యాడీ కాయలు ఏరడం ఆపింది. అన్న కళ్ల కింద నల్లగా ఉంది. నెల రోజులుగా సరిగా పడుకోలేదు.

“కలుస్తున్నది భియా. బాగుంది,” అన్నాను.

అతను తల ఊపి వెళ్లిపోయాడు. యాడీ మళ్లీ కాయలు ముందేసుకుంది. ఆ మాట అనడం అది ఎన్నోసారో నాకు గుర్తు లేదు. మొదటిసారి అతను మేళా నుంచి వచ్చి నెల కూడా కాలేదని చెప్పలేదు. రెండోసారి లాలి పక్కనే ఉందని చెప్పలేదు. తర్వాత ఏ కారణమూ లేకుండానే చెప్పలేదు. ఊరూ పేరూ తెలియని వాళ్లు మూడేళ్లు కష్టపడి చేసిన గేముకు ఒక మధ్యాహ్నంలో మూడు వేసే నాకు, ఇంట్లో ఒక్క వాక్యం నోట్లోంచి రాలేదు.

గేము ఏప్రిల్ చివర విడుదలైంది. అంతకు ముందే బెంగళూరులో గేములు అమ్మిపెట్టే ఒక పబ్లిషింగ్ కంపెనీ అన్నతో మాట్లాడింది. గేమును టీవీకి తగిలించి ఆడే పెద్ద కన్సోళ్ల మీదకు తీసుకుపోతామన్నారు, ఇద్దరు మనుషుల్ని సాయమిచ్చి తర్వాతి గేము కూడా చేయిస్తామన్నారు. వాళ్లది ఒకటే షరతు. లోకంలోని రివ్యూల మార్కులన్నీ పోగు చేసి సగటు చూపించే సైటు ఒకటుంది. అందులో మే నెలాఖరుకు కనీసం ఆరు రివ్యూలు ఉండాలి, సగటు వందకు డెబ్బైకి తగ్గకూడదు.

లదేణి లాంటి చిన్న గేముకు ఆరు రివ్యూలు రావడమే గగనం. అయినా వచ్చాయి. ఎక్కడో పోర్చుగల్‌లో ఒకాయన ఎనభై వేశాడు. తర్వాత డెబ్బై అయిదు వచ్చింది. రెండు డెబ్బైలు వచ్చాయి. ఒకరు అరవై అయిదు ఇచ్చారు. ఒక్కోటి వచ్చినప్పుడల్లా లాలి గోడమీది క్యాలెండర్ పక్కన పెన్సిల్‌తో రాసింది. బాపు పొలం నుంచి రాగానే కాళ్లు కడుక్కోకుండా ముందు ఆ గోడ చూసేవాడు.

మే మూడో వారానికి అయిదే ఉన్నాయి. రెండేళ్ల కింద ఆ సగటు సైటు వాళ్లు ‘ఆటమాట’ను కూడా తమ జాబితాలో చేర్చుకున్నారు. మా రివ్యూ ఇంకా రాలేదు.

“నువ్వు రాయకు,” అన్నాడు అన్న ఒకరోజు అన్నం దగ్గర. “రేపు చెల్లె మార్కులేసుకున్నదంటరు. వరుణ్‌ను రాయమను. ఉన్నదున్నట్టు రాయమను.”

“చెప్పిన. ఆయన్నే రాస్తనన్నడు,” అన్నాను. నిజంగానే గేము వచ్చిన రోజే వరుణ్‌కు చెప్పాను, ఇది మా అన్నది, నాకు ఇవ్వొద్దని.

“అయితే మంచిదే,” అన్నాడు.

మే ఇరవై మూడున జనగామ పోయాను. కింద దుకాణంలో బడులు తెరిచే ముందటి హడావుడి, నోటుబుక్కుల కట్టలు దించుతున్నారు. మెట్ల మీద కూడా అట్టపెట్టెలే. వాటిని దాటుకుంటూ పైకి పోయేసరికి వరుణ్ ఒక్కడే ఉన్నాడు. సునీల్ ఆ రోజు రాలేదు.

“లదేణి రాసేసిన. నువ్వు ఒకసారి అచ్చుతప్పులు చూసి పెడితే ఎక్కిద్దాం,” అన్నాడు.

“నేను చూడొద్దు గద.”

“రాసుడు వద్దంటివి. అక్షరాలు దిద్దుతే ఏమైతది? సునీల్ గాడు దిద్దుతే ఒత్తులన్ని పోతయ్.”

కూర్చుని చదివాను. వరుణ్ బాగా రాస్తాడు, బద్ధకం తప్ప. మొదటి సగం గురించి నేను రెండేళ్లుగా మనసులో అనుకున్నవే రాశాడు. ఎద్దుల మెడగంటల చప్పుడు గురించి ఒక పేరా రాశాడు. తర్వాత రెండో సగం. ‘నలభై ఎద్దులతో మొదలైన ప్రయాణంలో చివరికి ఒక్క ఎద్దూ మిగలదు. అవి ఏమయ్యాయో గేము చెప్పదు, ఆ పిల్ల అడగదు. తయారు చేసిన వారికే తమ ఆట మీద నమ్మకం పోయిన చోటు గోదావరి’ అని రాశాడు. కత్తి తిప్పడం ఎంత విసుగో రాశాడు. చివరి గంట ఆడకపోయినా నష్టం లేదని రాశాడు.

కింద మార్కు ఆరు.

మా గదిలో స్విచ్‌బోర్డు పక్కన ఒక కాగితం అంటించి ఉంది. ఏ మార్కుకు ఏమి అర్థమో మా సైటు మొదలైనప్పుడు నేనే రాసిన కాగితం. ఆరు అంటే, లోపాలున్నా చివరిదాకా ఆడించే గేము. నాలుగు అంటే, ఆలోచన మంచిది, ఆట నిలబడలేదు. ఆ ఫిబ్రవరిలో హనుమకొండ అమ్మాయి ఒకతె, అక్షర అని, ఆటోల పందెం గేము చేసింది. అదీ సగం దాటాక తుపాకుల గేమైపోయింది. నాలుగు వేశాను. ఆమె ఫోన్ చేసి, “అక్కా, ఒక్క మార్కు పెంచినా చాలక్కా,” అని ఏడ్చింది. కుదరదమ్మా అని చెప్పి, ఫోన్ పెట్టేసి, టీ తాగాను.

“వరుణ్, నువ్వు రాసినదానికి ఆరు కుదరదు,” అన్నాను.

అతను ఫోన్‌లోంచి తలెత్తలేదు. “ఆరేసిన, అయిపోయింది. వదిలెయ్.”

“మా అన్నది కాకపోతే ఎంత వేసేటోనివి?”

“ఎందుకిప్పుడు గది?”

“చెప్పు.”

అతను ఫోన్ పక్కన పెట్టాడు. “నాలుగు. నీకు తెల్వదా? కని మీ అన్నది కాదా ఏంది? సగటు డెబ్బై ఉండాల్నని నువ్వే చెప్పినవ్. ఆరేస్తే సరిగ్గ డెబ్బై అయితది. లెక్క చూసే వేసిన.”

“మరి అక్షరకు?”

“అక్షరెవరు?”

నేను చెప్పాను.

“అబ్బ, దీపా.” అతను లేచి కిటికీ దగ్గరికి పోయాడు. కింద నుంచి వాళ్ల నాన్న పిలుస్తున్నాడు, ఎవరో బాకీ బిల్లు అడుగుతున్నారని. “నాతోటి కాదు. మార్చాలనుకుంటే నువ్వే మార్చుకో. నేనైతే ఆరేసిన,” అని మెట్లు దిగిపోయాడు.

ఆరు చెరిపి నాలుగు కొట్టాను. ‘మిగలదూ’ అని ఒకచోట దీర్ఘం ఎక్కువ పడితే అది కూడా తీసేశాను. పబ్లిష్ నొక్కాను. అయిదు మార్కుల మొత్తం మూడు వందల అరవై, దానికి మా నాలుగును నలభైగా కలిపి ఆరుతో భాగిస్తే అరవై ఏడు. ఆ లెక్క నేను అప్పుడు వేయలేదు, కాని అది నాకు తెలుసు. రైలెక్కాక ఘనపూర్ దాటుతుండగా పల్లీలు కొనుక్కుని తిన్నాను.

ఇంటికి చేరేసరికి ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు. అందరూ వాకిట్లోనే ఉన్నారు. లాలి గోడ మీద రాయలేదు, పెన్సిల్ చేతిలో పట్టుకుని అరుగు మీద కూర్చుంది. అన్న ఫోన్‌లో రివ్యూ చదువుతున్నాడు. నేను కాళ్లు కడుక్కుంటుంటే పైకి చదవడం మొదలుపెట్టాడు. గొంతు మామూలుగానే ఉంది. మెడగంటల పేరా రెండుసార్లు చదివాడు. గోదావరి దగ్గరికి వచ్చాక నెమ్మదిగా చదివాడు.

“మాటలన్ని కరెక్టే,” అన్నాడు చివర. “ఒక్కటి గూడ తప్పు రాయలే. ఉన్నదున్నట్టు రాయమన్నది నేనే గద.”

బాపు అడిగాడు, “పదికి నాలుగంటే పాసే గద? పదో తరగతిల వందకు ముప్పై అయిదొస్తే పాస్ చేస్తరు.”

అన్న ఫోన్ ఆర్పి జేబులో పెట్టుకున్నాడు.

“పాసే బాపూ,” అన్నాడు.

“మరి గిట్ల కూసున్నరేంది అందరు?”

అన్న నా వైపు తిరిగాడు. “నువ్వు ఆఫీసులనే ఉన్నవ్ గద ఇయ్యాల. ఏమన్నడు వరుణ్? ఆరేసినా అయిపోయేది.”

“ఆయన రాసిండు,” అన్నాను.

అది అబద్ధం కాదు. రాసింది వరుణే. యాడీ రొట్టెలు పెట్టింది, పచ్చి మిరపకాయల కారం వేసింది. రెండు రొట్టెలు తిని, పళ్లెం కడిగి బోర్లించాను. లాలి అప్పటికీ అరుగు మీదే ఉంది.

జూన్ మొదటి రోజున బెంగళూరు నుంచి మెయిల్ వచ్చింది. మర్యాదగా ఉంది. మొదటి సగం తమకు ఎంతో నచ్చిందని, భవిష్యత్తులో తప్పకుండా కలిసి పనిచేద్దామని రాశారు. అన్న దానికి రెండు వాక్యాల జవాబు పంపి, పాత కాంట్రాక్టరుకు ఫోన్ చేశాడు. బొగ్గు బెల్టు దగ్గర ఒక మనిషి కావాలన్నారట. వారంలోపే తను, లాలి చెల్పూర్ పోయారు. పోయే రోజు బాపు పొలంలోంచి రాలేదు. యాడీ ఆటో దాకా పోయి, బియ్యం మూట ఎక్కించి, వెనక్కి వచ్చి ఆ గది ఊడ్చింది. రెండు రోజుల తర్వాత మందు పంపు మళ్లీ అందులోకే చేరింది.

ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. గొడవ జరిగి కాదు. మాట్లాడేవాళ్లే లేరు. రాత్రి అన్నం తిన్నాక బాపు ఆకాశం చూసి, రేపు పడొచ్చు అనేవాడు. యాడీ ఊఁ అనేది. నేను గదిలోకి పోయి గేము ఆడేదాన్ని. ఆ నెలలో ఒక పొలం గేముకు ఏడు, ఒక క్రికెట్ గేముకు అయిదు, సముద్రంలో ఈదే గేముకు ఎనిమిది వేశాను. పొలం గేములో వానలు సమయానికి కురిశాయి.

వరుణ్ మొదట్లో ఒకసారి ఫోన్ చేశాడు. “నేనే వేసిన అనుకుంటున్నడు కదా, అనుకోనీ. నేనేం చెప్పను. నువ్వు పరేషాన్ గాకు,” అన్నాడు. సరే అన్నాను. జూలైలో మాత్రం ఆఫీసుకు పోయినప్పుడు అతను నా ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“నిన్న మీ అన్న ఫోన్ చేసిండు,” అన్నాడు.

“ఏమన్నడు?”

“థాంక్స్ చెప్పిండు.” వరుణ్ మొహం చేత్తో రుద్దుకున్నాడు. “తమ్మీ, ఎవ్వరూ చెప్పని మాట చెప్పినవ్ అన్నడు. మార్కు గురించి మనసుల ఏం లేదన్నడు. అయిదు నిమిషాలు మాట్లాడిండు దీపా. నాతోటి గాదు ఇగ. నువ్వన్న చెప్పు, లేకుంటే నేనన్న చెప్త.”

“నేనే చెప్త,” అన్నాను.

ఆ ఆదివారం హనుమకొండలో భూపాలపల్లి బస్సు ఎక్కాను. సన్నగా వాన పడుతోంది. పరకాల దాటాక పత్తిచేలల్లో ఆడవాళ్లు ప్లాస్టిక్ కవర్లు తలకు కట్టుకుని కలుపు తీస్తున్నారు. రేగొండలో బస్సు చాలాసేపు ఆగింది. ఏం చెప్పాలో అనుకుందామని ప్రయత్నించాను. ఒక వాక్యం తర్వాత ఇంకో వాక్యం రాలేదు. చెల్పూర్‌లో దిగేసరికి మధ్యాహ్నం రెండయింది.

వాళ్లుండేది రేకుల కప్పు కింద ఒక్క గది. లాలి నన్ను చూసి నవ్వింది, తువ్వాలు ఇచ్చింది. చిక్కిపోయింది. యాడీ పంపిన పచ్చడి సీసా ఇచ్చాను. మూడు గంటలకు అన్న డ్యూటీ నుంచి వచ్చాడు. చెవుల వెనక, మెడ మడతల్లో బొగ్గు నుసి ఉంది. నన్ను చూసి, “ఎప్పుడొచ్చినవ్? బాపు మంచిగున్నడా? వాన పడ్డదా అక్కడ?” అని అడుగుతూ గుమ్మంలో కూర్చుని బూట్ల లేసులు విప్పుతున్నాడు.

“భియా, వరుణ్ ఆరేసిండు,” అన్నాను. “నాలుగు చేసింది నేను.”

ఒక బూటు విప్పి పక్కన పెట్టాడు. రెండో దాని లేసు చిక్కు పడింది. గోరుతో దాన్ని విప్పాడు. లోపల స్టవ్ మీద టీ పొంగబోతుంటే లాలి మంట తగ్గించింది.

“ఎప్పుడు?”

“ఎక్కిచ్చే ముందు. ఆఫీసుల.”

“సగటు సంగతి యాదికున్నదా అప్పుడు?”

“ఉన్నది.”

“మరెందుకు చేసినవ్?”

“రాసిన మాటలకు ఆరు సరిపోలే.”

అతను తల ఊపాడు. “సరిపోలే,” అన్నాడు. “అవును. నేను గూడ అదే అనుకున్న. గిన్ని లోపాలు రాసినంక నాలుగే అయితది.”

లాలి టీ తెచ్చింది. మూడు కప్పులు. అన్న కప్పు అందుకుని కింద పెట్టాడు.

“మార్కు తప్పని నేనంటలేను దీపా. నిన్నొకటి అడుగుత. రెండేండ్లల్ల ఎన్నిసార్లు అడిగిన నిన్ను, ఎట్లున్నదని?”

“చానాసార్లు.”

“ఏమన్నవ్?”

“బాగుందన్న.”

“అతుకు వేసినట్టు కనపడ్తున్నదని నా నోటితోటి నేనే అన్న. కల్లంల. యాదికున్నదా? నువ్వు కలుస్తున్నదంటివి.” అతని గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండునని నాకు అనిపించింది. “ఊరోళ్లందరికి నిజం చెప్పే నౌకరి నీది. ఎన్నడు మొహం చూడనోళ్లకు చెప్తవ్. నాకు మాత్రం చెప్పకపోతివి. ఎద్దులేమైనయ్ భియా అని ఒక్కమాట అంటే, ఆ కత్తులన్ని ఒక్కరోజుల తీసేద్దును. నాకనుమానం ఉండె. నీ మాట విని, నా అనుమానమే తప్పనుకున్న.”

నువ్వు బాధపడతావని చెప్పలేదు అంటే అది కూడా పూర్తిగా నిజం కాదు. చెప్పడం కన్నా చెప్పకపోవడం సులువు, అంతే. పని దగ్గర చెప్పడం సులువు, ఇంట్లో చెప్పకపోవడం సులువు. రెండు చోట్లా నేను సులువైనదే చేశాను. ఆ మాట అన్నకు చెప్పాను కూడా. అతను విన్నాడు.

“ఇప్పుడు చెప్పు మరి,” అన్నాడు. “మొత్తం చెప్పు. వరుణ్ రాసినయి గాదు, నీయి.”

చెప్పాను. గోదావరి దగ్గర మొదలుపెట్టి చివరి దాకా. ఎక్కడ పిల్ల పరుగెత్తకూడదో, ఎక్కడ రాత్రి మరీ తొందరగా తెల్లారిపోతుందో, కుంటి ఎద్దును వదిలేయాలా వద్దా అని మొదటి సగంలో అంతసేపు అడిగి తర్వాత దాన్ని మరిచిపోవడం ఎంత అన్యాయమో. మొదటి సగంలో ఏవి ఎందుకు బాగున్నాయో కూడా చెప్పాను. అరగంట పట్టింది. అతను మధ్యలో రెండు ప్రశ్నలు అడిగాడు. రెండూ మంచి ప్రశ్నలే. టీ మీద మీగడ కట్టింది.

“ఇంకేమన్న ఉన్నదా?”

“లేదు.”

“సరే.” లేచి, దండెం మీది తువ్వాలు భుజాన వేసుకున్నాడు. “తానం జేసి పంట. రాత్రి గూడ రమ్మన్నరు, ఒకతను సెలవు పెట్టిండు. నువ్వు అయిదింటి బస్సుకు పో, చీకటి పడకముందే హనుమకొండ చేరుతవ్.”

బయటి బాత్‌రూమ్ తలుపు మూసుకుంది. రేకు మీద వాన పెద్దదైంది. నాలో ఏదో తెగుతుందని, ఏడుపైనా వస్తుందని బస్సులో అనుకున్నాను. ఏమీ రాలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

లాలి అంతసేపూ స్టవ్ పక్కనే ఉంది. ఇప్పుడు వచ్చి నా ఎదురుగా పీట మీద కూర్చుంది.

“ఇక్కడికొచ్చినంక ఆ ల్యాప్‌టాప్ ఒక్కనాడు తెరవలే ఆయన,” అంది. “నాతోటి గూడ ఎక్కువ మాట్లాడతలేడు. నీ ఒక్కదాని మీద కోపమనుకోకు.”

“ఊఁ,” అన్నాను.

ఆమె కొంగు చివర మడత పెట్టింది. “దీపా, ఒకటి అడుగుత. నా పాట ఎట్లున్నది? అన్ని చెప్పినవ్, దాని సంగతి చెప్పలే. మా ఇంట్ల ఎన్నడు ఎవరు నన్ను పాడమనలే. ఈయనే పాడిచ్చిండు. నాకు తెల్వదు అది ఎట్లున్నదో.”

ఆ గేములో నేను మనసారా ఇష్టపడినది ఏదైనా ఉంటే అది ఆ పాటే. అడవిలో పొద్దుగూకుతుంటే ఎద్దులు ఒక్కొక్కటే ఆగుతాయి, పాట మాత్రం ఇంకా ముందుకు పోతుంటుంది. మూడు వందల గేముల్లో అటువంటిది నాకు ఎక్కడా దొరకలేదు. ఏళ్ల తర్వాత నాకు కంట్రోలర్ కింద పెట్టి వినాలనిపించింది అక్కడే. అదంతా చెప్పాలని నోరు తెరిచాను.

“బాగుంది వదినా,” అన్నాను.

లాలి నా మొహంలోకి చూసింది. చాలాసేపు, ఏదో చిన్న అక్షరాలు చదువుతున్నట్టు చూసింది. తర్వాత చల్లారిన టీ కప్పులు మూడూ తీసుకుని లేచింది.

“బస్సుకు యాల్లయితున్నది,” అంది. “గొడుగు తీస్కపో.”